ఎర్లీ అప్లికేషన్, ఇంటర్వ్యూ టెన్షన్: మా అమ్మాయికి ఎలా ధైర్యం చెప్పాలి?

అందరికీ నమస్కారం. మేము నిరుడు విజయవాడ నుంచి న్యూజెర్సీ వచ్చాం, హెచ్‌4 వీసా (ఉద్యోగ వీసా మీద వచ్చినవారి కుటుంబానికి ఇచ్చేది) మీద ఉన్నాం. మా అమ్మాయి పన్నెండో తరగతి. ఇక్కడి కాలేజీకి నవంబర్ 1 గడువుకి ఎర్లీలో, అంటే మామూలు గడువు కన్నా ముందే, అప్లై చేస్తోంది. ఇంటర్వ్యూ మాట ఎత్తితే చాలు, ముఖం తెల్లబోతోంది. అన్నం సరిగ్గా తినడం లేదు, రాత్రి రెండింటి దాకా గదిలో లైటు వెలుగుతూనే ఉంటోంది. ఎలా సిద్ధం చేయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1

నమస్తే అమ్మా. ముందు మనకు తెలిసిన ఇంటర్వ్యూని మనసులోంచి తీసేయండి. టేబుల్ అవతల ముగ్గురు కూర్చుని ప్రశ్న మీద ప్రశ్న వేసే వ్యవహారం కాదిది. చాలా కాలేజీలకు ఇంటర్వ్యూ చేసేది అక్కడే చదువుకుని, ఇప్పుడు మీ చుట్టుపక్కల ఏదో ఉద్యోగం చేసుకుంటున్న పూర్వ విద్యార్థి. జీతం భత్యం ఏమీ లేకుండా, తీరిక చేసుకుని చేస్తారు. లైబ్రరీలోనో, కాఫీ షాపులోనో, జూమ్‌లోనో అరగంట నుంచి గంట మాట్లాడతారు. సాధారణంగా వారి చేతిలో మీ అమ్మాయి మార్కులు గానీ ఎస్సేలు గానీ ఉండవు. మాట్లాడాక తమకేమనిపించిందో రాసి కాలేజీకి పంపుతారు. మొత్తం అప్లికేషన్‌లో అదొక చిన్న భాగం.

పిలుపు అందరికీ రాదు. మీ ప్రాంతంలో ఇంటర్వ్యూ చేసేవాళ్లు దొరక్కపోయినా రాదు, దానివల్ల నష్టం ఉండదని కాలేజీలే చెబుతాయి. జార్జ్‌టౌన్ లాంటి కొన్నిచోట్ల మాత్రం అది తప్పనిసరి. కాబట్టి ఏ కాలేజీకి ఆ కాలేజీ సైట్లో చూసుకోండి.

మన పిల్లలకు అసలు చిక్కు ఇంకోటుంది. పెద్దల ముందు తమ గురించి తాము చెప్పుకుంటే గొప్పలు పోవడమేనని చిన్నప్పటి నుంచీ మనమే నేర్పాం. అందుకే ఒక్క ముక్కలో జవాబు చెప్పి తల దించుకుంటారు, లేదంటే బట్టీ పట్టిన పేరా అప్పజెబుతారు. మా పెద్దమ్మాయి మొదట్లో "నాకు లీడర్‌షిప్ అంటే ఇష్టం" అనే చెప్పేది. అదంతా వదిలేసి, ఆదివారం గుడి క్యాంటీన్‌లో ఏం చేస్తావో చెప్పమన్నాను. పులిహోర డబ్బాలు పన్నెండున్నరకే అయిపోయి, వరుసలో వెనక నిలబడ్డ పెద్దవాళ్లు ఉత్త చేతులతో వెళ్లిపోయేవారు. అది చూసి, ఏ వేళకు ఎన్ని డబ్బాలు పోతున్నాయో ప్రతి వారం నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆ లెక్క చూపించి, రెండో వాయి పదకొండింటికే మొదలుపెట్టేలా వంటవాళ్లను ఒప్పించింది. ఇది చెబుతున్నప్పుడు తన గొంతే మారిపోయింది. ఇంటర్వ్యూ చేసినావిడ కూడా చాలాసేపు దాని గురించే అడిగారట.

మీ అమ్మాయి దగ్గర కూడా ఇలాంటివి ఉంటాయి. పదిహేడేళ్లకు దేశం మారి, కొత్త స్కూల్లో నిలదొక్కుకోవడం చిన్న విషయం కాదు. ఆ సంగతి తన మాటల్లో చెప్పనివ్వండి. ప్రాక్టీసు మీరు చేయించొద్దు, టీచరో తెలిసిన కాలేజీ పిల్లలో ఒకటి రెండుసార్లు మాట్లాడిస్తే చాలు. ఇంటర్వ్యూ చేసేవారిని అడగడానికి తనకూ రెండు ప్రశ్నలు ఉండాలి, సైట్లో జవాబు దొరకనివి. పిలుపు మెయిల్ స్పామ్‌లోకి వెళ్లిపోవచ్చు, రోజూ చూసుకోమనండి. జవాబు తనే రాయాలి, మీరు కాదు. లోపలికి మీరు వెళ్లకూడదు. బట్టలు శుభ్రంగా ఉంటే చాలు, కోటు అక్కర్లేదు. అయ్యాక ఆ రాత్రే రెండు వాక్యాల్లో థాంక్స్ మెయిల్ పెట్టమనండి.

తిండి, నిద్ర సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దమ్మా. స్కూల్ కౌన్సిలర్‌కి రేపే మెయిల్ పెట్టండి, దానికి ఫీజేమీ ఉండదు. పిల్లల డాక్టరుకి కూడా చెప్పండి. ఇలాంటి విషయం బయటికి చెబితే పరువు పోతుందని మనవాళ్లు దాస్తారు. దాచకండి. అమ్మాయి మరీ కుంగిపోయినట్టు, బతకాలని లేదన్నట్టు మాట్లాడితే 988 హెల్ప్‌లైన్‌కి కాల్ గానీ మెసేజ్ గానీ చేయొచ్చు, రాత్రీ పగలూ పలుకుతారు. ఇంట్లో కాలేజీ కబుర్లు రోజుకో అరగంటకు మించనివ్వకండి. ఎక్కడెక్కడ అప్లై చేసిందో వాట్సాప్ గ్రూపుల్లో, చుట్టాలకు చెప్పనే వద్దు. డిసెంబర్‌లో ఫలితం ఏమైందని అడిగేవాళ్లు ఎంత తక్కువైతే ఆ పిల్లకు అంత మేలు.

జవాబు 2

అక్కగారు చెప్పినవన్నీ నిజం. డబ్బు సంగతి నేను చెబుతాను. ఎర్లీ యాక్షన్ అయితే సీటొచ్చినా చేరాలని కట్టుబాటు లేదు. ఎర్లీ డెసిషన్ అలా కాదు, వస్తే చేరాల్సిందే. ఆ ఒప్పందం మీద అమ్మాయి, మీరు, కౌన్సిలర్ ముగ్గురూ సంతకం చేయాలి. కాలేజీ ఇచ్చిన ఆర్థిక సాయం చాలకపోతే బయటపడే వీలుంది గానీ, దాన్నే నమ్ముకుని సంతకం పెట్టొద్దు.

హెచ్‌4 పిల్లలకు ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ సాయం రాదు. చాలా కాలేజీలు వాళ్లను విదేశీ విద్యార్థుల కిందే లెక్కిస్తాయి, సాయం అడిగారన్న సంగతి కూడా సీటు ఇచ్చేటప్పుడు చూస్తాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, యామ్హర్స్ట్ లాంటి కొన్ని మాత్రం అది చూడవు. ఈ వారమే కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి మీ వీసా సంగతి రాసి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

అడిగినవారు

చాలా థాంక్సండీ. ఒకవేళ డిఫర్ అని వస్తే?

జవాబు 1

డిఫర్ అంటే కాదన్నట్టు కాదమ్మా. మిగతావాళ్లతో కలిపి మళ్లీ చూస్తారు, మార్చి చివరికల్లా చెబుతారు. ఎర్లీ డెసిషన్ అయితే ఆ కట్టుబాటు కూడా పోతుంది. ఇంకా ఆసక్తి ఉందని, కొత్తగా ఏం చేసిందో చెబుతూ తను ఒక చిన్న ఉత్తరం రాస్తే సరిపోతుంది.

ఫలితాలు ఎక్కువగా డిసెంబర్ నడిమికి వస్తాయి. మిగతా కాలేజీల గడువులు చాలావరకు జనవరి మొదటి రోజుల్లోనే ఉంటాయి. ఏడుస్తూ కూర్చుని రెండు వారాల్లో పది ఎస్సేలు ఏ పిల్లా రాయలేదు. ఆ అప్లికేషన్లన్నీ నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ సెలవుల్లోనే పూర్తి చేయించండి. ఫలితం ఎవరి ముందు తెరవాలో మాత్రం తననే అడగండి. ఒక్కదాన్నే చూసుకుంటానంటే తలుపు వేసుకోనివ్వండి.