బియ్యం ఎగుమతి ఆపడం మన హక్కా, పక్కవాడి కడుపు కొట్టడమా?

గోదారిగట్టు:
2023 జూలై 20న మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసింది, మళ్ళీ 2024 సెప్టెంబర్ చివర్లో గానీ వదల్లేదు. దేశాల మధ్య అమ్ముడయ్యే బియ్యంలో దాదాపు 40 శాతం మనదే. అంత వాటా ఉన్నవాళ్ళు రాత్రికి రాత్రి గేటు వేసేస్తే ఎలా? ముందే చెప్పి చేయాలని దేశాల మధ్య ఒక గట్టి కట్టుబాటు ఉండాలంటాను. మీరేమంటారు?

అద్దెఇల్లు_కూకట్‌పల్లి:
కట్టుబాటు సరే, నెలకి పాతిక కిలోల బస్తా కొనేవాణ్ణి అడగండి. ఎల్ నినో వల్ల వానలు పడవేమోనని భయం, బియ్యం రేటు పైకి, అప్పుడు ప్రభుత్వం మనవాళ్ళ సంగతి చూడకుండా ఎవరి సంగతి చూడాలి? మీరైనా అదే చేస్తారు.

డల్లాస్_బాబాయ్:
ఆ వారం ఇక్కడ ఇండియన్ షాపుల్లో సోనా మసూరి కోసం లైన్లు కట్టాం. మేమూ నాలుగు బస్తాలు తెచ్చాం, చివరిదానికి పురుగు పట్టింది, సిగ్గుగానే ఉంది. కానీ మాది వట్టి టెన్షన్. పశ్చిమ ఆఫ్రికాలో సెనెగల్ వాళ్ళు రోజూ తినేది నూకలే, వాటిని మనం 2022 సెప్టెంబర్‌లోనే ఆపేశాం.

నల్గొండ_వడ్లు:
మా సంగతి ఎవరూ అనరు. యాసంగి వడ్లు పచ్చిగా ఆడిస్తే ఎండకి గింజ విరిగి నూకైపోతది, అందుకే మిల్లరు వడ్లు ఉడకబెట్టి ఉప్పుడు బియ్యం చేస్తడు. 2023 ఆగస్టులో దాని మీద కూడా 20 శాతం ఎగుమతి సుంకం వేశారు. రేటు పడితే మా ఖర్మ, పెరిగితే దేశ సమస్య.

అద్దెఇల్లు_కూకట్‌పల్లి:
అన్నా, సన్నాలకి ఆ ఏడాది మద్దతు ధర కన్నా ఎక్కువే వచ్చింది కదా?

నల్గొండ_వడ్లు:
వచ్చింది, కాదనను. నేను వేసింది సన్నాలు కాదు.

గోదారిగట్టు:
కూకట్‌పల్లి గారూ, నిషేధం పెట్టాక కూడా 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వమే కిలో 29 రూపాయలకి భారత్ రైస్ అమ్మాల్సి వచ్చింది, పైగా ప్రభుత్వ ఆహార సంస్థ ఎఫ్‌సీఐ గోదాముల్లో నిల్వ ఉండాల్సినదాని కన్నా చాలా ఎక్కువే ఉంది. 2008 చూడండి. అప్పుడు ప్రపంచంలో వరి పంటేమీ పోలేదు. మనమూ వియత్నామూ ఎగుమతి బిగించగానే ఫిలిప్పీన్స్ కంగారుపడి ఎంతకైనా కొంటానన్నట్టు టెండర్లు పిలిచింది, థాయ్ బియ్యం టన్ను 1000 డాలర్లు దాటిపోయింది. చివరికి జపాన్, డబ్ల్యూటీవో (ప్రపంచ వాణిజ్య సంస్థ) ఒప్పందం కింద కొని గోదాముల్లో పడేసిన బియ్యంలో కొంత ఇస్తానందో లేదో ధర దిగడం మొదలైంది, ఓడ కదలకముందే! భయంతో పెరిగిన ధర కాబట్టే మాటతో దిగింది. ఆ తర్వాత 2011లో జీ20 దేశాలు ఏఎంఐఎస్ అని ఒకటి పెట్టుకున్నాయి, నిల్వల లెక్కలు ఒకరికొకరు చెప్పుకోవడానికి. లెక్క చెప్తుంది గానీ గేటు వేసేవాణ్ణి ఆపలేదు. 2022 జూన్‌లో డబ్ల్యూటీవోలో ఒప్పుకున్నదల్లా ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమం సాయం కోసం కొనే ధాన్యాన్ని ఆపకూడదని, అంతే.

అద్దెఇల్లు_కూకట్‌పల్లి:
మనం పూర్తిగా ఆపలేదు కూడా. అడిగిన దేశాలకి ఇచ్చాం, నేపాల్, సింగపూర్, మలేషియా. ఫిలిప్పీన్స్‌కే 2,95,000 టన్నులు.

డల్లాస్_బాబాయ్:
వచ్చి అడిగితే ఇచ్చేదాన్ని మా ఊళ్ళో సహకారం అనరు బాబూ, మొహమాటం అంటారు. అడిగే పలుకుబడి లేని దేశం సంగతేంటి?

నల్గొండ_వడ్లు:
ఫిలిప్పీన్స్ అంటే గుర్తొచ్చింది. మా తెలంగాణ ప్రభుత్వం వాళ్ళతో 8 లక్షల టన్నులకి మాట్లాడుకుని, 2025 మార్చి 31న కాకినాడ నుంచి 12,500 టన్నుల మొదటి ఓడ పంపింది, ఎంటీయూ 1010 రకం, నేను వేసేది అదే. సంతోషపడ్డా. అదే ఏడాది సెప్టెంబర్ 1 నుంచి వాళ్ళే కొన్నాళ్ళు దిగుమతి ఆపేశారు, అక్కడి రైతుకి రేటు పడిపోతోందని. గోదారిగట్టు అన్నా, మీరు చెప్పే కట్టుబాటులో కొనేవాడి గేటు కూడా ఉంటదా?

గోదారిగట్టు:
ఉండాలి. నేను అమ్మేవాడి వైపే చూశాను, ఒప్పుకుంటున్నా.