సుంకి ఘాటీకి అంబాసిడరా, పద్మినీయా?

ప్రశ్న (జయపురం నుంచి)
అందరికీ నమస్కారం. పాత కారు కొనాలని చాలా కాలంగా కోరిక. రెండు బళ్లు చూసి పెట్టుకున్నాను. ఒకటి అంబాసిడర్ మార్క్ 4 పెట్రోలు, రెండోది ప్రీమియర్ పద్మిని. రెండూ 1980ల నాటివే, ధరలో పెద్ద తేడా లేదు. అమ్మానాన్నలతో, పిల్లలతో కొరాపుట్, సుంకి మీదుగా సాలూరు వెళ్లొస్తుంటాం. ఆ ఘాటీలో (కొండ దారిలో) ఏది నయం?

జవాబు (రాయగడ, మెకానిక్)
బాబూ, ముందు లెక్క చూడండి. అంబాసిడర్ ఇంజను 1489 సీసీ, పవరు సుమారు 50 హెచ్‌పీ. పద్మినిది 1089 సీసీ, సుమారు 40. అయితే అంబాసిడర్ బరువు 1100 కిలోల పైచిలుకు, పద్మిని 900 లోపే. టన్ను బరువుకి ఎంత పవరు పడుతుందో చూస్తే ఖాళీ బళ్లు రెండూ దాదాపు సమానం, 45 దగ్గర. మనుషులూ సామానూ కలిపి 350 కిలోలు ఎక్కించారనుకోండి, అంబాసిడర్‌కి 34, పద్మినికి 32 మిగులుతుంది.

కాగితం మీద చిన్న తేడాయే గానీ ఘాటీలో బాగా తెలుస్తుంది. అంబాసిడర్ పిస్టన్ స్ట్రోకు, అంటే ఇంజనులో పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 89 మిల్లీమీటర్లు, పద్మినిది 75. అందుకే అంబాసిడర్ తక్కువ స్పీడులోనే లాగుతుంది, ప్రతి మలుపులోనూ గేరు దింపక్కర్లేదు. పద్మినిని కాస్త రేజ్ చేస్తూ నడపాలి. నిండు కుటుంబంతో వెళ్లేవారికి నా ఓటు అంబాసిడర్‌కే.

దిగేటప్పుడు మాత్రం రెండింటితోనూ జాగ్రత్త. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. పెడల్ మీద కాలు పెట్టుకునే దిగితే డ్రమ్ములు వేడెక్కి బ్రేకు పట్టదు. సెకండ్ గేరులో దిగండి.

జవాబు (బరంపురం)
బాబాయిగారి లెక్క సరైనదే. నేను నడిపేది పద్మిని. ఊళ్లో ఇరుకు సందుల్లో స్టీరింగ్ హాయిగా తిరుగుతుంది, ఇద్దరు ముగ్గురితో ఘాటీ కూడా చక్కగా ఎక్కుతుంది. బొంబాయిలో టాక్సీగా 2023 దాకా తిరిగిన బండి, తక్కువ అంచనా వేయకండి. ఎండాకాలం ఎక్కుడులో పెట్రోలు పంపు వేడెక్కి బండి ఆగితే పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగండి, స్టార్టవుతుంది.

ఇంజను కన్నా ముందు బాడీ చూడండి. రెండింటికీ వేరే చాసిస్ (కింద ఇనుప చట్రం) ఉండదు, బాడీయే మోయాలి. మ్యాట్లు ఎత్తి, తలుపుల కింది అంచునూ వెనక కమాను పట్టీలు బిగించిన చోటునూ స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూడండి. పొరలు పొరలుగా రాలితే ఎంత తక్కువకిచ్చినా వదిలేయండి. సముద్రపు గాలి తగిలిన మా వైపు బళ్లలో ఈ తుప్పు మరీ ఎక్కువ.

ప్రశ్న (జయపురం)
చాలా థాంక్స్ అండీ. అంబాసిడర్‌కి ఆంధ్రా నంబరు ఉంది, కాగితాల టెన్షన్ ఉంటుందా?

జవాబు (రాయగడ, మెకానిక్)
అక్కడి ఆర్టీవో ఇచ్చిన ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న కాగితం) లేకుండా అడ్వాన్సు ఇవ్వకండి. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి ఆర్సీని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. అది ఎప్పటిదాకా ఉందో చూసి, ఇంజను నంబరూ చాసిస్ నంబరూ ఆర్సీతో మీరే సరిచూసుకోండి. ఆదివారం వస్తానంటే నేనూ తోడొచ్చి బండి చూస్తాను.