ఎడారి సూర్యాస్తమయానికి రంగు పెంచితే అది ప్రకృతి ఫొటోనేనా?

పటమటలంక వాసి:
మా క్లబ్బు ప్రదర్శనకు వచ్చిన ఒక ఫొటో మీద వాదన తెగడం లేదు. మీరూ చెప్పండి. బెజవాడ నుంచి కారులో జైసల్మేర్ వెళ్లిన మిత్రుడు పోఖ్రాన్ దాటాక రోడ్డు పక్కన ఆగి తీసిన సూర్యాస్తమయం అది. ముందు నల్లగా ఒక ఖేజ్రీ చెట్టు (మనం దసరాకు పూజించే జమ్మే), వెనక ఇసుక, గాలిమరలు, పైన ఎర్రటి మబ్బులు. తర్వాత కంప్యూటర్లో ఎరుపు, నారింజ పెంచాడు. దీన్ని ‘ప్రకృతి’ విభాగంలో పెట్టాలా, ‘సృజన’లోకి పంపాలా? నా మటుకు నాకు సృజనే. ప్రకృతి అని రాసి గోడకు తగిలించాక, చూసేవాళ్లు ఆ రంగులు అక్కడ ఉన్నాయనే నమ్ముతారు.

సీతానగరం బాటసారి:
అన్నా, ఆ ఫొటో నాదే. క్లబ్బులో కొందరు కెమెరా ఇచ్చింది ఇచ్చినట్టు పెట్టమంటున్నారు. కెమెరా ఇచ్చిందేమిటి మరి? ఆటో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనపడేలా కెమెరా తనంతట తానే రంగులు సర్దడం) సాయంత్రపు ఎరుపును సరిచేయాల్సిన లోపం అనుకుని చల్లబరిచేస్తుంది. అంత ఎర్రటి ఆకాశం తెర మీద నీరుకావి పంచెలా కనపడింది. తీసింది రా ఫైల్లో (కెమెరా రంగులు దిద్దకముందు దాచే ముడి ఫైలు) కాబట్టి వైట్ బ్యాలెన్స్‌ని 5500 కెల్విన్‌కు, అంటే పగటి ఎండకు సరిపోయే లెక్కకు మార్చాను, నారింజ కాస్త పెంచాను. పొద్దు కుంకేదాకా అక్కడే నిలబడి చూసినవాణ్ని నేను. చూసినదానికి దగ్గరగా తెచ్చానే తప్ప కొత్తగా ఏమీ కలపలేదు.

గవర్నర్‌పేట స్టూడియో:
తమ్ముడి మాటే నాదీ. ఫిల్ము రోజుల్లోనూ రంగులు ఎవరో ఒకరు ఎంచినవే. 1990లో ఫ్యూజీ వాళ్ల వెల్వియా స్లైడ్ ఫిల్ము వచ్చింది. ఆకుపచ్చను, ఎరుపును చిక్కగా చూపిస్తుందనే ప్రకృతి ఫొటోలు తీసేవాళ్లు దాన్ని ఏరికోరి వాడారు. రంగు పెంచే పని ఫ్యాక్టరీలో జరిగితే ప్రకృతి, మనిషి చేస్తే సృజనా? ఇప్పటి ఫోన్లయితే మనల్ని అడక్కుండానే కొన్ని ఫొటోలు కలిపి రంగు దిద్ది ఇస్తున్నాయి. వాటి గురించి క్లబ్బులో ఎవరూ నోరెత్తరు.

బ్రాడీపేట మిర్చి:
మాది గుంటూరు, ఇంట్లో మిర్చి వ్యాపారం. యార్డులో కాయ రంగు చూసే ధర కడతారు. ఈ రోజుల్లో శాంపిల్ ఫొటో వాట్సాప్‌లో పంపి బేరాలాడుకుంటున్నారు. తాలు కాయకు (రంగు పోయిన నాసి కాయకు) ఫోన్లో ఎరుపెక్కించి, ‘నా కంటికి అలాగే కనపడింది’ అంటే ఎవరు ఊరుకుంటారు? ఆకాశాన్ని ఎవరూ కొనరు, నిజమే. కానీ కంటికి కనపడిందన్న మాటకు హద్దెక్కడ? ఊరొచ్చి నాలుగు రోజులయ్యాక ఎవరి జ్ఞాపకంలోనైనా ఆ ఎరుపు ఇంకాస్త ముదురుతుంది.

సత్యనారాయణపురం మాస్టారు:
హద్దు ఆ ఫొటోలోనే ఉంది, చూసుకోవచ్చు. పొద్దు అంచుకు దిగినప్పుడు వెలుగు మన కంటికి చేరాలంటే, నడినెత్తిన ఉన్నప్పటికన్నా 35 రెట్లకు పైగా గాలిని దాటాలి. దారిలోనే నీలం చెదిరిపోయి ఎరుపు, నారింజ మిగులుతాయి. ఎడారిలో దుమ్ము వల్లే రంగు చిక్కబడుతుందని చాలామంది అనుకుంటారు. ముతక దుమ్ము అన్ని రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొట్టి ఆకాశాన్ని పాలిపోయేలా చేస్తుంది. ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి చూడండి, పొగ, తేమ ఎక్కువున్న రోజు సూర్యుడు నీళ్లదాకా దిగకుండానే మసకలో కలిసిపోతాడు. చిక్కటి రంగుకు శుభ్రమైన గాలి, ఎత్తున పల్చటి మబ్బు కావాలి. దుమ్ము లేవని సాయంత్రం ఎడారిలోనూ అవి దొరకొచ్చు, కాబట్టి అక్కడ అంత ఎరుపు ఉండనే ఉండదని అనలేం.

ఇక దొంగ ఎరుపు సంగతి. ఎండ తగిలే ఇసుక నారింజగా ఉంటే సరే. నీడలో ఉన్న ఇసుకకు వెలుగిచ్చేది మాత్రం నెత్తి మీది నీలాకాశం, అందుకే అది నీలి ఛాయకు తిరగాలి. గాలిమర స్తంభంలో మనకు కనపడే వైపూ అంతే, ఎండ వెనక నుంచి వస్తోంది కాబట్టి బూడిద రంగులో ఉండాలి. ఆ రెండూ కూడా నారింజయితే స్లైడర్‌ని (కంప్యూటర్లో రంగు పెంచే మీటను) ఫొటో మొత్తానికీ లాగేసినట్టే. నేను పెద్దది చేసి చూశాను. నీడలు నీలంగానే ఉన్నాయి, స్తంభం బూడిదగానే ఉంది. మబ్బు అంచుల్లో మాత్రం ఎరుపు నిండిపోయి, పొరలు కలిసిపోయి ముద్దగా ఉంది. అక్కడ పెంచడం ఎక్కువైంది.

పటమటలంక వాసి:
నీడల సంగతి ఒప్పుకుంటా మాస్టారూ. కానీ అంతర్జాతీయ పోటీల్లో ఫియాప్ (అంతర్జాతీయ ఫొటో కళా సమాఖ్య) ప్రకృతి విభాగానికి పెట్టుకున్న నిబంధన చూడండి. దృశ్యంలో లేనిది చేర్చకూడదు, ఉన్నది చెరపకూడదు, దిద్దినా అసలుకు దగ్గరగా ఉండాలి. తీసినవాడొక్కడే చూసిన దృశ్యానికి ఎంత దగ్గరో మేమెలా తేల్చేది? పైగా రోడ్డు పక్కన తీశానన్నాడు, ఒక్క కరెంటు తీగా కనపడదేం?

సీతానగరం బాటసారి:
తీగలు చెరపలేదన్నా. అవి కుడివైపు ఉన్నాయి, ఆ పక్క కత్తిరించాను. కత్తిరించడాన్ని ఆ నిబంధనా ఒప్పుకుంటుంది. ఆదివారం రా ఫైల్ పెన్‌డ్రైవ్‌లో తెస్తా, అందరి ముందూ తెరిచి చూడండి. మాస్టారు చెప్పిన మబ్బు అంచుల దగ్గర ఎరుపు తగ్గిస్తా. ఇసుక మీద నారింజ మాత్రం తగ్గించను, అది నేను చూసిన రంగు.

బ్రాడీపేట మిర్చి:
ఆదివారం నేనూ బెజవాడ వస్తా. దిద్దని ఫొటో కూడా చిన్నగా ప్రింటు వేసి పక్కనే తగిలిస్తే, ప్రకృతి విభాగంలో పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. లేదంటే సృజనలోకే పంపండి.