ఇన్‌స్టాలర్‌లో వీసీ రన్‌టైమ్‌ను ఎలా చేర్చాలి?

ప్రశ్న:

నమస్కారం. ఎరువుల దుకాణాల కోసం సీ ప్లస్ ప్లస్‌లో ఒక బిల్లింగ్ ప్రోగ్రాం రాసి, ఇన్నో సెటప్ అనే టూల్‌తో ఇన్‌స్టాలర్ తయారుచేశాను. నా కంప్యూటర్‌లో చక్కగా నడుస్తోంది గాని, కొందరు దుకాణదారుల దగ్గర తెరవగానే వీసీరన్‌టైమ్140 డీఎల్ఎల్ (ప్రోగ్రాం నడవడానికి కావలసిన విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్ ఫైలు) కనబడలేదన్న సందేశం వచ్చి ఆగిపోతోంది. నా సిస్టమ్32 ఫోల్డర్‌లోని ఆ ఫైలును ఇన్‌స్టాలర్‌లో పెట్టి, వారి సిస్టమ్32లోకి కాపీ చేయిస్తే సరిపోతుందా? చాలా దుకాణాల్లో ఇంటర్నెట్ ఉండదు కనుక డౌన్‌లోడ్ మీద ఆధారపడలేను.

సమాధానం:

దయచేసి అలా చేయకండి. సిస్టమ్32 అన్ని ప్రోగ్రాములకూ ఉమ్మడి చోటు కాబట్టి, మీ పాత ఫైలు అక్కడున్న కొత్త ఫైలు మీద పడితే మీ ప్రోగ్రాం నడుస్తూనే ఉంటుంది గాని, వేరెవరిదో ఆగిపోతుంది. కారణం మీ ఇన్‌స్టాలరని ఆ దుకాణదారుకు తెలిసే దారి ఉండదు. పైగా ఒక్క ఫైలుతో పని తీరదు. మైక్రోసాఫ్ట్ కంపైలర్ ఉండే విజువల్ స్టూడియోలో 2019 సంచిక నుంచి చాలా 64 బిట్ ప్రోగ్రాములకు వీసీరన్‌టైమ్140_1 అనే ఫైలు కూడా అవసరమవుతోంది, సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ ఫైలైన ఎంఎస్‌వీసీపీ140 సరేసరి.

ఈ రన్‌టైమ్ ఫైళ్లన్నిటినీ ఇన్‌స్టాల్ చేసేందుకు మైక్రోసాఫ్ట్ ఇచ్చే విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ ప్యాకేజీని పూర్తిగా మీ ఇన్‌స్టాలర్‌లోనే ఉంచండి. సుమారు 25 ఎంబీ పెరుగుతుంది గాని ఇంటర్నెట్ అక్కర్లేదు. విజువల్ స్టూడియో 2015, 2017, 2019, 2022 సంచికలు నాలుగింటికీ ఒకటే రీడిస్ట్రిబ్యూటబుల్ చాలు. అయితే అది మీరు కంపైల్ చేసిన టూల్‌సెట్ (కంపైలర్, దాని లైబ్రరీలు) కంటే పాతది కాకూడదు. మీ ప్రోగ్రాం 32 బిట్‌ది అయితే, విండోస్ 64 బిట్‌దైనా సరే, 32 బిట్ ప్రోగ్రాములకు ఉద్దేశించిన ఎక్స్86 ప్యాకేజీనే పెట్టాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఇన్నో సెటప్ స్క్రిప్టులో దీన్ని రన్ విభాగంలో పెడితే, పని అయిందో లేదో చెబుతూ అది తిరిగి ఇచ్చే కోడ్‌ను మీరు పరిశీలించలేరు. అందుకని ఆ ప్యాకేజీ ఫైలు మామూలుగా కాపీ కాకుండా డోంట్‌కాపీ ఫ్లాగ్ ఇచ్చి, ఫైళ్ల కాపీకి ముందు నడిచే ప్రిపేర్‌టుఇన్‌స్టాల్ ఫంక్షన్‌లో తాత్కాలిక ఫోల్డర్‌లోకి తీసి, ఎగ్జెక్ ఫంక్షన్‌తో ఇన్‌స్టాల్, క్వైట్, నోరీస్టార్ట్ అనే మూడు స్విచ్చులతో నడపండి. అది విఫలమైతే మీ ఫైళ్లు ఒక్కటీ కాపీ కాకముందే ఇన్‌స్టాలేషన్‌ను ఆపేయవచ్చు. సగం ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాం కంటే అది ఎంతో మేలు.

అనుబంధ ప్రశ్న:

ధన్యవాదాలండీ. మీరు చెప్పినట్లే చేశాను. ఒక కంప్యూటర్‌లో మాత్రం 1638 అనే కోడ్ వచ్చి ఇన్‌స్టాలర్ ఆగిపోయింది. అలాగే అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఈ రన్‌టైమ్‌ను కూడా తీసేయాలా? నా ప్రోగ్రాం వాడే ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ లైబ్రరీ డీఎల్ఎల్ సంగతి ఏమిటి?

సమాధానం:

1638 అంటే అంతకంటే కొత్త వెర్షన్ అక్కడ ముందే ఉన్నదని అర్థం, కాబట్టి దాన్ని 0తో సమానంగా విజయంగానే లెక్కించండి. 3010 వస్తే పని పూర్తయింది గాని కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయాలి. ఆ మాట వాడుకరికి చెప్పండి, బిల్లు మధ్యలో ఉండగా మీరే రీస్టార్ట్ చేయకండి. ఈ మూడూ కానిది వస్తేనే ఆపండి.

రన్‌టైమ్‌ను అన్‌ఇన్‌స్టాల్‌లో తీసేయవద్దు. దాని మీద ఇంకెన్ని ప్రోగ్రాములు ఆధారపడి ఉన్నాయో మీ అన్‌ఇన్‌స్టాలర్‌కు తెలియదు.

ఎస్‌క్యూలైట్ విషయం వేరు. దాన్ని మీ ఈఎక్స్ఈ పక్కనే, మీ సొంత ఫోల్డర్‌లో పెట్టుకోండి; విండోస్ మామూలుగా సిస్టమ్ ఫోల్డర్ కంటే ముందు ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌లోనే వెతుకుతుంది కనుక, మీరు పరీక్షించిన వెర్షనే లోడవుతుంది, అన్‌ఇన్‌స్టాల్‌లో నిశ్చింతగా తీసేయవచ్చు కూడా. దాని కోడ్ పబ్లిక్ డొమైన్‌లో ఉంది కాబట్టి లైసెన్సు చిక్కు లేదు.

ఇకమీదట దుకాణానికి పంపే ముందు విండోస్ శాండ్‌బాక్స్‌లో (ప్రతిసారీ కొత్తగా తెరుచుకునే తాత్కాలిక విండోస్‌లో) ఒకసారి నడిపి చూడండి. మీ సొంత కంప్యూటర్‌లో విజువల్ స్టూడియో ఉన్నందువల్ల, ఇన్‌స్టాలర్‌లో ఏ ఫైలు లోపించిందో ఆ కంప్యూటర్‌లో ఎప్పటికీ బయటపడదు. విండోస్ హోమ్ ఎడిషన్‌లో శాండ్‌బాక్స్ ఉండదు; అప్పుడు కొత్తగా విండోస్ వేసిన వర్చువల్ మెషీన్ (కంప్యూటర్‌లోనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.