వాళ్లు పొలాల్లో అడవి పెంచుతున్నారు, మనకేమో రూల్సా?

కదిరి శెనక్కాయ: డెన్మార్క్‌లో 2024 నవంబరులో పెద్ద ఒప్పందం కుదిరింది. ఇరవై ఏళ్లలో సాగుభూమిలో 10 శాతం దాకా అడవిగా, బీడుగా మారుస్తారు, 100 కోట్ల చెట్లు నాటుతారు. సంతోషం. అదే యూరప్, 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టి పండించిన కాఫీ, కోకో, సోయా, రబ్బరు మాకొద్దని చట్టం చేసింది. అమలు వాయిదా పడుతూ వస్తోంది, అది వేరే సంగతి. వాళ్ల అడవులు కొట్టేసి వందల ఏళ్లయింది కాబట్టి వాళ్లు లెక్కలోకే రారు. ఇదేం న్యాయం?

పులివెందుల చీనీతోట: ఏదో ఒక తేదీ పెట్టాల కదన్నా. 1800 అని పెడితే మా తాత గుట్ట కింద కంప కొట్టి చేసిన చేను కూడా తప్పే అవుతుంది.

కదిరి శెనక్కాయ: మీ తాత కొట్టింది కడుపు కోసం. రైలు పట్టాల కింద స్లీపర్లకని మన టేకు నరికించింది ఎవరు?

అనంతపురం మాస్టారు: పాత పగలు సరే, ఇప్పటి లెక్క చూడండి. డెన్మార్క్ పందుల దాణాకు సోయా ఎక్కువగా దక్షిణ అమెరికా నుంచే వస్తుంది. అక్కడ పొలం తగ్గించి, మాంసం మాత్రం అంతే తింటే, ఆ పొలం ఇంకెక్కడో అడవిలో లేస్తుంది. అందుకే చట్టంలో సోయా పెట్టారు. నా మటుకు ఆ చట్టం మంచిదే.

పులివెందుల చీనీతోట: అరకు కాఫీ రైతుల మాటేంటి సార్? ఒక్కో చేను ఎక్కడుందో మ్యాప్‌లో చూపించాలంట.

అనంతపురం మాస్టారు: నాలుగు హెక్టార్ల లోపు చేనుకు ఒక్క పాయింటు చాలు. కష్టమంతా ఆ కాగితాల ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దగ్గరే.

సిద్దవటం గట్టు: ఖర్చు మాట నన్ను చెప్పనీండి. మా గట్టు మీద పదహారు ఎర్రచందనం చెట్లున్నాయి, మా నాయన నాటినవి. చెల్లి పెళ్లికి కొడదామని పర్మిషన్‌కు రెండేళ్లు తిరిగినాం. ఒకాయన వచ్చి చెట్టు చెట్టుకూ సున్నంతో నెంబరేసి పోయినాడు. రెండు వానలకు నెంబర్లు చెరిగిపోయినాయి, కాగితం మాత్రం రాలేదు. పెళ్లి అప్పుతోనే అయిపోయింది. డెన్మార్క్ రైతు భూమి ఇస్తే డబ్బులిస్తారు. నేను చెట్టు పెంచినందుకు నన్నే దొంగను చూసినట్టు చూస్తారు. డబుల్ స్టాండర్డ్ కోసం యూరప్ దాకా ఎందుకు సామీ?

కదిరి శెనక్కాయ: దీనికి నా దగ్గర జవాబు లేదు. మళ్లీ నెంబరేయడానికి ఎవరన్నా వచ్చారా?

సిద్దవటం గట్టు: ఇంకా రాలేదు. ఈసారి పెయింటు డబ్బా నేనే కొని పెట్టినా.