అప్‌డేట్: కాన్పు తర్వాత మోషన్ ఆపుకోలేకపోతున్న మా చెల్లి గురించి

ఫోర్‌సెప్స్ (బిడ్డ తల పట్టి బయటికి తీసే పటకారు లాంటి పరికరం) కాన్పయ్యాక చెల్లికి గ్యాస్, మోషన్ ఆపుకోవడం కష్టమవుతోందని, "కుట్లు మానితే సర్దుకుంటుంది" అన్నారని ఇంతకుముందు అడిగాను. మీలో కొందరు చెప్పినట్టే కోలోరెక్టల్ సర్జన్‌కి (పెద్దపేగు, మలద్వారం సమస్యలు చూసే డాక్టర్) చూపించాం. ఎండోఏనల్ అల్ట్రాసౌండ్‌లో (మలద్వారం లోపలి నుంచి చేసే స్కాన్) మలద్వారం చుట్టూ ఉండే కండరం చిరిగినట్టు తేలింది. మూడో డిగ్రీ చిరుగు, అంటే కాన్పులో పడిన చిరుగు ఆ కండరం దాకా వెళ్లిందన్నమాట.

కాన్పు గదిలోనే, కుట్లు వేసేముందు మలద్వారంలో వేలు పెట్టి పరీక్షిస్తే ఇలాంటివి చాలావరకు అప్పుడే దొరుకుతాయట. ఆ చిన్న పరీక్ష ఎందుకు చెయ్యలేదన్న కోపం నాకింకా తగ్గలేదు.

ప్రస్తుతం ఫిజియోథెరపిస్ట్ దగ్గర కటి కండరాల వ్యాయామాలు నేర్చుకుంటోంది. సర్జరీ సంగతి తర్వాత చూద్దామన్నారు. మళ్లీ గర్భం వస్తే సిజేరియన్ గురించి ముందే మాట్లాడాలట.

బాలింతని "పాలు పడ్డాయా" అని అడుగుతాం కదా, దయచేసి "గ్యాస్, మోషన్ ఆపుకోగలుగుతున్నావా" అని కూడా అడగండి. మా చెల్లి సిగ్గుతో అమ్మకి కూడా చెప్పుకోలేదు.