'నిగ్గు తేల్చడం' అంటే తోమడమా, తెలుసుకోవడమా?

పాత పెట్టె అడుగున నల్లటి వెండి నాణెం ఒకటి దొరికింది. ఫొటో పంపితే స్నేహితుడు 'ముందు దాని నిగ్గు తేల్చు' అన్నాడు. తోమమంటున్నాడనుకుని టూత్‌పేస్ట్ తీశాను. వాడి ఉద్దేశం అది కాదట! ఇంతకీ నిగ్గు అంటే మెరుపా, నిజమా?

— రెండూనండీ. నిగ్గు అంటే మెరుపు. నిగనిగ, నిగారింపు పక్కన పెట్టి చూడండి. మురికి పోయి మెరుపు పైకి తేలితే అసలు సరుకేదో తెలుస్తుంది కదా, నిజం బయటపెట్టడమనే అర్థం అలా వచ్చిందనుకుంటాను. ఇప్పుడు వార్తల్లో వినపడేది రెండోదే. 'ఆరోపణల నిగ్గు తేల్చాలి' అంటే ఎవరూ బ్రష్ పట్టుకోరు.

— నాణేల దగ్గర మాత్రం ఈ రెండర్థాలకీ పడదు. మెరుపు తెస్తే నిజం చెరిగిపోతుంది. నేనూ ఒకసారి పేస్ట్‌తో తోమినవాడినే. లెన్స్ పెట్టి చూస్తే రాజుగారి చెంప నిండా వెంట్రుకల్లాంటి గీతలు! అక్షరాల సందుల్లో నలుపు మాత్రం ఉన్నచోటే ఉంది. గాలిలోని గంధకం వెండితో కలిసి కట్టిన పొర అది. దాన్ని గీకితే వెండి కూడా కొంత పోయినట్టే.

— నాదానికి అంచున పచ్చగా కూడా ఉందండీ. వెండికి తుప్పు పడుతుందా?

— తుప్పు ఇనుముది. ఆ పచ్చది చిలుము, కిలుము అని కూడా అంటారు. రాగికీ ఇత్తడికీ పట్టేది. వెండి మెత్తన కాబట్టి నాణేల్లో రాగి కలుపుతారు. స్టెర్లింగ్ వెండిలోనూ 7.5 శాతం వెండి కానిదే, మామూలుగా అది రాగే. కాబట్టి చిలుము కనిపించగానే నకిలీ అని టెన్షన్ పడకండి. వెండి నలుపుకు మాత్రం చిలుములాంటి విడి పేరు నేను వినలేదు. 'నల్లబడింది' అనేస్తాం, అంతే.

— తోమడం, రుద్దడం, గీకడం: ఈ క్రియలు మర్చిపోండి. నానబెట్టడం, అద్దడం చాలు. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్దండి. జిడ్డుంటే అసిటోన్, అదీ కిటికీ తెరిచి, మంటకు దూరంగా. వంచి మాత్రం చూడొద్దు, బాగా పాత వెండి పెళుసుబారి విరుగుతుంది. ఆ తర్వాత రెండో నిగ్గు సంగతి. బరువు గ్రాముల్లో, రెండు దశాంశాల దాకా. అడ్డకొలత. బొమ్మ, బొరుసు, అంచు ఫొటోలు, వెలుతురు పక్క నుంచి పడేలా.

— బొమ్మే లేదండీ! రెండు వైపులా రాతే, అరబిక్‌లా ఉంది. ఏది బొరుసనుకోవాలి?

— బొమ్మ లేని బొమ్మ వైపు! మన మాటకి అక్కడ చిక్కే. 'ఒకవైపు, రెండోవైపు' అని పెట్టండి. అంకెలు కనిపిస్తే చెప్పండి, హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండర్) సంవత్సరం అయ్యుండొచ్చు. క్రీ.శ.లోకి మార్చడానికి దానికి 622 కలిపేస్తే సరిపోదు. చాంద్రమానం కదా, ఏడాదికి 354 రోజులే, అప్పుడప్పుడు 355.

— రాత్రంతా నానబెట్టాను. నీళ్లు మట్టి రంగుకి తిరిగాయి. రాత కింద ఒక అంకె బయటపడింది, సున్నాలా గుండ్రంగా.

— ఆ లిపిలో సున్నా అంటే చుక్కండీ. గుండ్రంగా ఉన్నది ఐదు. పక్కన ఇంకేమున్నాయో చూడండి, రుద్దకుండా.